పొగగొట్టపు ధర్మము

"ఒక్క కారుతో గాలంతా పాడైపోతుందా బాబాయిగారూ?" అని మా వీథిలోని గుంటూరు కుఱ్ఱవాడు మొన్న అడిగినది మొదలు నా మనస్సు కుదుటపడకున్నది. అతడు బుద్ధిమంతుడు, పెద్దలయెడ గౌరవము గలవాడు. 1993 నాటి హోండా అకార్డు నొకదానిని ముచ్చటపడి కొని, సెలవునాడెల్ల దాని సేవలోనే ప్రొద్దుపుచ్చుచున్నాడు. ఆ కారు పెద్దరోడ్డుపై ఒకే వేగమున పోవునప్పుడు ఉండియుండి తడబడుచుండగా, ఇచట కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో నొక గ్యారేజివాడు చూచి, ఈజీఆర్ వాల్వును రేకుముక్కతో మూసి, కెటలిటిక్ కన్వర్టరును విప్పివేసి తిన్నని గొట్టము బిగించినచో ఇంజనుకు ప్రాణము లేచివచ్చుననియు, స్మాగ్ చెక్ అను పొగపరీక్ష గడువు వచ్చినప్పుడు మరల పాతసామాను తగిలించుకొనవచ్చుననియు సలహా చెప్పెనట. కుఱ్ఱవానికి ఆ సలహా రుచించినది.

రుచించుటకు కారణము లేకపోలేదు. రేకుముక్క అడ్డుపెట్టగానే తడబాటు నిజముగనే పోవును. పోయినది కనుక దోషమంతయు వాల్వుదేయని తీర్పు చెప్పుదురు. ఇది అన్యాయపు తీర్పు. మండి వెలువడిన పొగలో కొంతభాగమును మరల ఇంజనులోనికి పంపి, మంట వేడిని తగ్గించి, నత్రజని ఆక్సైడుల పుట్టుకను అణచుట ఈజీఆర్ పని. ఈ తరము అకార్డులలో ఆ పొగను నాలుగు సిలిండర్లకును చేర్చు సన్నని రంధ్రములు ఏండ్లు గడచుకొలది మసిపట్టి పూడిపోవును. మూడు పూడి ఒక్కటి మిగిలినప్పుడు, నలుగురికి వడ్డించవలసినదంతయు ఒక్కని విస్తరిలో కుమ్మరించినట్లు, పొగ యంతయు ఆ యొక్క సిలిండరులోనికే పోవుటచే అది సరిగా మండక కారు తడబడును. ఆ కుఱ్ఱవాని ప్రక్కన నిలిచి నేనే చేయించితిని: రంధ్రముల మూతలు తీయించి, కార్బొరేటర్ క్లీనరు చల్లించి, సన్నని తీగతో గీకించగా, గట్టిపడిన నల్లని పెళ్లలు గుప్పెడు రాలినవి. వాల్వు నిర్దోషి. తడబాటు ఆనాటితో తీరినది. కన్వర్టరు మాట మాత్రము అతని మనస్సును వదలలేదు.

కన్వర్టరు ఇంజను బలమును హరించునను అపవాదు, 1975 మోడలు కార్లకు ఈ దేశమున దానిని విరివిగా అమర్చిన తొలిదినములనాటిది. గుళికలు నింపిన ఆనాటి డబ్బాలు పొగదారికి అడ్డుతగిలిన మాట వాస్తవమే. తరువాత వాడుకలో నిలిచినది వేలకొలది సన్నని కన్నములు గల పింగాణి దిమ్మ; దానిపై ప్లాటినము, పలాడియము, రోడియము పూత. అది వేడెక్కి సవ్యముగ పనిచేయునప్పుడు కార్బన్ మోనాక్సైడు, మండక మిగిలిన హైడ్రోకార్బనులు, నత్రజని ఆక్సైడులు అను మూడు విషములలో నూటికి 90 పాళ్లకు పైగా విరిచివేయును. అది పూడిపోయినచో బలము తగ్గుననుట నిజమే. అప్పుడు క్రొత్తది వేయించి, పాతది పూడుటకు కారణమైన ఇంజను జబ్బును కూడ కుదుర్చవలెను.

అయినను ఒక్క కారే గదాయని అందురు! 1943 జూలైలో లాస్ ఏంజెలెస్ నగరమును కన్నులు మండించు పొగ క్రమ్ముకొన్నప్పుడు, శత్రువులు విషవాయువును ప్రయోగించిరేమోయని జనులు భయపడిరి. అటుపై కొన్నియేండ్లకు కాల్టెక్‌లోని రసాయనశాస్త్రజ్ఞుడు ఆరీ హాగెన్-స్మిట్, కార్లనుండియు చమురు కర్మాగారములనుండియు వెలువడు వాయువులే సూర్యరశ్మి సోకి ఓజోనుగా మారుచున్నవని నిరూపించెను. ఆ నగరమున పొగ విడిచిన ప్రతి కారును దాని యజమానునకు ఒక్క కారే! తరువాత కాలిఫోర్నియా రాష్ట్రమున వాయువనరుల బోర్డు ఏర్పడగా హాగెన్-స్మిట్ దానికి తొలి అధ్యక్షుడాయెను. 1970లో దేశమంతటికిని కఠినమైన క్లీన్ ఎయిర్ చట్టము వచ్చెను. 1990 సవరణతో, గ్యారేజివాడే గాక కారు యజమానుడును ఈ పరికరములను తొలగించరాదని నిషేధము ఏర్పడెను. ఒకప్పుడు పొగలో మునిగి లాస్ ఏంజెలెస్‌నుండి కానరాని శాన్ గేబ్రియల్ కొండలు ఇప్పుడు తేటగా కనిపించు దినములు ఎన్నియో యున్నవి. ఈ దేశపు పట్టుదలకు నేను మనసార నమస్కరింతును.

కాని ఆ గ్యారేజివాడే "మీ ఇండియాలో ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారు?" అని కూడ అన్నాడని వినినప్పుడు నాకు పట్టరాని కోపము వచ్చినది. తన దేశపు చట్టమును త్రొక్కుమని బోధించువాడా మనకు వంకపెట్టునది? 1995లోనే నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి చేసినది మన దేశము. భారత్ స్టేజి అను పొగనియమములలో నాలుగునుండి ఐదును దాటి 2020 ఏప్రిల్‌లో నేరుగ ఆరవ మెట్టెక్కినది మన దేశము. బండిని పరీక్షింపకయే పొల్యూషన్ సర్టిఫికెట్టు చేతికిచ్చువారు మనవైపు కలరని నాకు తెలియును, అది నన్ను బాధించును; అంతమాత్రముచేత యంత్రమునెడ మనవారికి భక్తి లేదనుట అబద్ధము.

ఆ వాదమునకు మా నాన్నగారి అంబాసిడరు కారును సాక్ష్యమునకు పిలువబోయితిని గాని, దానికి కన్వర్టరును లేదు, ఈజీఆరును లేదు. జ్ఞాపకమునకు వచ్చినది విజయవాడ ఆటోనగరులోని మేస్త్రి. ఆయన కార్బొరేటరు విప్పి, పాతపంచె పరచి, జెట్లను స్ప్రింగులను వరుసగా పేర్చి, పెట్రోలుతో కడిగి, ఒక్కొక్క కన్నమును నోటితో ఊదిచూచి బిగించును. ఒకనాడు బిగింపు ముగిసిన పిమ్మట ఒక వాషరు మిగిలినది. "పోనీవయ్యా, బండి నడుస్తోందిగా" అని నాన్నగారనిరి. "నడవటం వేరండి, కంపెనీవాడు ఊరికే పెట్టడండి" అని ఆయన మరల మొత్తము విప్పెను.

ఖర్చు మాట నేను కాదనను. కాలిఫోర్నియా ఆమోదించిన కన్వర్టరు వెల, పాతకారు వెలలో మంచిభాగము కావచ్చును. చాలీచాలని జీతముతో ఆ కారునే నమ్ముకొన్న కుటుంబమునకు అది భారము. అట్టివారికి మరమ్మతునకు రాష్ట్రమే కొంత సొమ్మిచ్చుచున్నది. బండిని వదలుకొనువారికిని ప్రతిఫల మిచ్చుచున్నది. మంచి జీతము తెచ్చుకొనుచు, సరదాకై పాతకారు నుంచుకొని, దాని యసలు బోల్టులకై ఊరూర వెదకువానికి, అసలు కన్వర్టరును పీకి పారవేయుటకు ఏ సాకును లేదు.

కావున పాతకారు గల తెలుగువారికెల్ల నా మనవి: మసి గీకింపుడు, చిల్లుపడిన వాక్యూమ్ గొట్టమును మార్పింపుడు, చెడిన కన్వర్టరు స్థానమున సరియైనది వేయింపుడు, స్తోమత లేనిచో రాష్ట్రసహాయమునకు దరఖాస్తు పెట్టుడు. ఎవ్వరేని "ఒక్క కారే గదా" అన్నచో, ఆ యొక్క కారునకు పూచీ వారిదే గాని మఱి యెవ్వరిదియు కాదని మొగమోటపడక చెప్పుడు.