సీటొచ్చింది అన్నా, ఇప్పుడేం జేయాలె? (ముంబై రోడ్డు ముచ్చట్లు – 17)



జూన్, జులై నెలల్లో నాకొచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. ర్యాంకు వచ్చిందని సంతోషంగా చెప్తారు. తర్వాత గొంతు తగ్గించి అడుగుతారు: "ఇప్పుడేం జేయాలె అన్నా?"

కొన్ని ఇండ్లల్లో ఈ ప్రశ్నే పుట్టదు. బాబాయి ఇంజినీరు, మేనత్త లెక్చరరు, పక్కింటి అంకుల్ అమెరికా. ఏ బ్రాంచి తీసుకోవాలి, ఏ కాగితం ఎప్పుడు పెట్టాలి, అన్నీ డైనింగ్ టేబుల్ దగ్గరే తేలిపోతాయి. మన ఇండ్లల్లో అడగడానికి మనిషే ఉండడు. రిజర్వేషన్ సీటు ఇస్తది. చెయ్యి పట్టుకొని ఆ సీటు దాకా తీస్కపోయే మనిషిని ఇవ్వదు.

ఇదేం పెద్ద సంగతి అనుకునేవాళ్లు అతుల్ కుమార్‌ను గుర్తు చేసుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లో ఒక దళిత కూలీ కొడుకు. 2024లో ఐఐటీ ధన్‌బాద్‌లో ఎలక్ట్రికల్ సీటు కొట్టాడు. జూన్ 24 సాయంత్రం 5 గంటలలోపు 17,500 రూపాయలు కట్టాలి. డబ్బు పోగయ్యేసరికి గడువు దాటింది. సీటు పోయింది. పిల్లవాడు సుప్రీంకోర్టు దాకా పోతే, సెప్టెంబర్ 30న కోర్టు రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద సీటు ఇప్పించింది. 17,500 రూపాయల కోసం 142వ అధికరణం! ముందే ఒక సీనియర్ ఫోన్ చేసి "ఎంత తక్కువైంది తమ్మీ?" అని అడిగి ఉంటే తీరిపోయే పని అది.

ఇక మా రోడ్డు సంగతి. లింగంపల్లి దిక్కు సెంట్రల్ యూనివర్సిటీ. ఇటు కందిలో ఐఐటీ. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలై తర్వాత ఇక్కడికొచ్చింది. ఈ రెండింటి నడుమ బీహెచ్ఈఎల్, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం. మన వాడల పిల్లలకు ఈ రోడ్డు మీద రెండు గేట్లు కనబడతాయి. ఒకటి క్యాంపస్ గేటు. రెండోది కంపెనీ గేటు. మొదటి గేటు నుంచి వెనక్కి వచ్చిన పిల్లవాణ్ని రెండో గేటు కాంట్రాక్టరు వెంటనే పిలుస్తాడు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. చదువు మానేస్తే ఏమవుతది అని అడిగేవాళ్లకు మా దగ్గర జవాబు ఇంత దగ్గరగా ఉంది.

మా బస్తీ పిల్లవాడు ఒకడు. తల్లి మందుల కంపెనీలో క్యాజువల్ లేబర్. పెద్ద కాలేజీలో సీటొచ్చింది. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయినయి. దీపావళికి వచ్చినోడు తిరిగి పోనన్నాడు. "హెల్పర్ పని దొరికింది" అన్నాడు. తల్లి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను గురుకులంలో చదువుకొని ఇప్పుడు ఇంజినీరుగా ఉన్న ఒక అన్నను పంపించాను.

ఆ అన్న ఉపన్యాసం చెప్పలేదు. అంబేడ్కర్ ఎంత కష్టపడి చదివాడో చెప్పలేదు. "నాక్కూడా ఫస్ట్ ఇయర్‌ల మూడు పోయినయి తమ్మీ" అన్నాడు. ఆ పిల్లవాడు తలెత్తి చూసింది అప్పుడే. తర్వాత నాలుగు నెలలు ప్రతి ఆదివారం హాస్టల్‌కు పోయాడు. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకొని ఇద్దరూ కూర్చున్నారు. సార్‌కు డౌట్ మెయిల్ ఎట్ల రాయాలో చూపించాడు. స్కాలర్‌షిప్ ఎక్కడ ఆగిందో ఆఫీసులో నిలబడి అడిగాడు. మెస్ బిల్లు ఒకసారి తనే కట్టాడు. రెండు సబ్జెక్టులూ పాసయినయి. ఆడపిల్లలకు ఇదే పని ఒక అక్క చేస్తుంది. అన్నలకు చెప్పుకోలేని సంగతులు అక్కకే చెప్పుకుంటారు.

ఇది మనకు కొత్త కాదు. 2012లో ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా వచ్చాక 'స్వేరో' అనే పేరు పుట్టింది. 2014 మే 25న గురుకుల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ప్రవీణ్ కుమార్ రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. కానీ హాస్టల్ పిల్లలం అని చెప్పుకోడానికి సిగ్గుపడ్డవాళ్లు పేరు వెనక స్వేరో అని రాసుకున్నారు, బడికి తిరిగొచ్చి తమ్ముళ్లకు చెల్లెళ్లకు చెప్పారు. ఆ మార్పు మనది.

అమెరికా నల్లవాళ్లూ ఇదే దారి పట్టారు. కార్నెల్ యూనివర్సిటీలో ఒక ఏడాది ఆరుగురు నల్ల విద్యార్థులు చదువుకు తిరిగి రాలేదు. మిగిలినవాళ్లు కలిసి చదువుకోవడం మొదలుపెట్టారు. 1906 డిసెంబర్ 4న ఏడుగురు కలిసి ఆల్ఫా ఫై ఆల్ఫా సంఘం పెట్టారు. తర్వాత ఆ సంఘం వాళ్లే నల్ల పిల్లలను హైస్కూలుకు, కాలేజీకి పొమ్మని ఊరూరా ప్రచారం చేశారు. వాళ్ల లెక్క సూటిగా ఉంది: రాని ఆ ఆరుగురు ఇంకోసారి ఆరుగురు కావద్దు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అన్నలు, అక్కలు ఉన్నంత మాత్రాన యూనివర్సిటీల బాధ్యత తీరదు. రోహిత్ వేములకు దోస్తులున్నారు, అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఉంది. అయినా హాస్టల్ నుంచి వెలివేస్తే ఆ ఐదుగురు క్యాంపస్‌లోనే వెలివాడ వేసుకొని పండుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ మనకు లేకుండా పోయాడు. వివక్షకు మందు సీనియర్ భుజం తట్టడం కాదు, చట్టం, శిక్ష. కానీ చట్టం వచ్చేదాకా ఆ రాత్రి పిల్లవాడు ఎవరికి ఫోన్ చేయాలి? మన పని అక్కడ.

1956 మార్చి 18న ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్నవాళ్లు మోసం చేశారని బాధపడ్డాడు. ఆ మాట స్టేటస్‌లో పెట్టుకోవడం సులభం. ఆఫీసులో కులం తెలుస్తుందేమోనని మన పిల్లల ఫోన్ ఎత్తని ఇంజినీర్లు, డాక్టర్లు మనలో ఉన్నారు. వాళ్ల భయం నాకు అర్థమైతది. అందుకే స్టేజీ ఎక్కమని అడగడం లేదు, పేరు చెప్పమని అడగడం లేదు.

ఒక పిల్లవాడు, లేదా ఒక పిల్ల. నాలుగేండ్లు. వారానికి ఒక ఫోన్, నెలకు ఒక ఆదివారం. అంతే. పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట దిక్కు ఉన్నవాళ్లు మెసేజ్ పెట్టండి. ఇప్పటికి పదకొండు మందిమి ఉన్నాం. పిల్లల లిస్టు మాత్రం ముప్ఫై దాటింది.

జై భీమ్.