గాలి మాటలు

"గాలి మాటలు చెప్పకురా" అని పెద్దలు మనల్ని మందలిస్తుంటారు. నేనీ వ్యాసంలో చెప్పబోయేవి మాత్రం అక్షరాలా గాలి మాటలే! టైరులో ఉండే గాలి, ఉండవలసినప్పుడు ఉండని గాలి, దాని మూలంగా నడిదారిలో నిలిచిపోయే ట్రాక్టర్లు, దిగీ దిగగానే పక్కకు ఒరిగే చిన్న విమానాలు, ఇవీ నా విషయాలు. భౌతికశాస్త్రం చదివేవాడు ఏ అణువు గురించో, నక్షత్రాల గురించో రాయక ఈ పంచర్ల పురాణం ఎందుకెత్తుకున్నాడని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. కాని చివరిదాకా చదివి నవ్వండి.

మాది ఆర్మూరు పక్కన ఒక పల్లె. పసుపు మా ఇంటి పంట. మిరుగం రోజుల్లో పెట్టిన విత్తనం ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది. దాన్ని తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసి, పాలిష్ పట్టి సంచులకెత్తేసరికి ఎండలు ముదురుతాయి. అప్పుడు మొదలవుతుంది నిజామాబాదు మార్కెట్ యార్డుకు ప్రయాణం. ఆ ట్రాలీలో ఉండేది పసుపు ఒక్కటేనా? బ్యాంకు బాకీ, కూలీల లెక్క, చెల్లె పెండ్లి మాట, నా హాస్టలు ఫీజు, అన్నీ ఆ సంచుల మధ్యనే కూర్చుని వస్తాయి. వాటన్నిటినీ మోసేది గుప్పెడు గాలి.

మూడేళ్ల కిందటి మాట. పొద్దుగాల యార్డులో ఉండాలని బాపు, అన్న, నేను రాత్రి రెండు గంటలకు బయలుదేరాం. 63వ నెంబరు జాతీయ రహదారి మీద సగం దూరం పోకముందే ట్రాక్టరు వెనక టైరు కూలబడింది. అన్న దారిన పోయే మోటారు సైకిలెక్కి పంచర్లు వేసే కాకను నిద్రలేపడానికి పోయాడు. బాపు సంచుల దగ్గర నిలబడ్డాడు. నేను ట్రాలీ వెనకాల చాలా దూరం నడిచిపోయి, సెల్‌ఫోన్ దీపం ఊపుతూ వచ్చే లారీలను పక్కకు తప్పిస్తూ రెండు గంటలు గడిపాను. ప్రతి లారీ వెలుతురూ నా మీదికే వస్తున్నట్టుండేది. ఆగి ఉన్న ట్రాలీని వెనకనుంచి లారీ గుద్దిందన్న వార్తలు మనం పత్రికల్లో ఎన్ని చదవలేదు? మేం యార్డుకు చేరేసరికి ఆ పూట వేలం అయిపోయింది. మరునాడు ధర తగ్గింది. అయినా ముగ్గురం ప్రాణాలతో చేరామన్నదే ఆనాటి లాభం.

ఇంతకూ ఆ టైరుకు ఏమయింది? కాక ట్యూబు బయటికి లాగి, టార్చి వేసి చూసి ఇలా అన్నాడు: "ముల్లు లేదు, మొల లేదు బిడ్డా. గాలి తక్కువుండి టైరు రిమ్ము మీద జరిగింది. ట్యూబు దానెంబడి పోయింది. వాల్వు బొక్కకాడనే నిలబడ్డది. తెగక ఏం జేస్తది?"

పొలంలో పట్టు దొరకడానికి వెనక టైర్లలో గాలి తగ్గించడం మా వైపు మామూలే. దున్నేటప్పుడు అది మంచిదే. కాని అదే గాలితో బరువైన ట్రాలీని రోడ్డు మీద లాగిస్తే ఇంజను బలమంతా రిమ్మును తిప్పుతుంది. వదులుగా ఉన్న టైరు వెనకబడుతుంది. మధ్యలో వాల్వు మెడ తెగుతుంది.

ఇంట్లోనే విమానం తయారు చేసుకునేవాళ్ల గురించి ఈ ఏడు చదువుతుంటే కాక చెప్పిన మాటే మళ్లీ ఎదురైంది. అమెరికాలో ఇటువంటివారి కోసం పాల్ పోబెరెజ్నీ అనే ఆయన 1953లో ఒక సంఘమే స్థాపించాడు. మన పొరుగు మహారాష్ట్రకు చెందిన కెప్టెన్ అమోల్ యాదవ్ ముంబయిలో తమ ఇంటి డాబా మీదనే ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016లో ముంబయి ప్రదర్శనలో దాన్ని జనమంతా చూశారు. ఇలాంటి చిన్న విమానాల్లో చాలావాటి చక్రాలు చూస్తే ముచ్చటేస్తుంది. అయిదారు అంగుళాల రిమ్ము, లోపల మనకు తెలిసిన ట్యూబే!

గాలిలో ఉన్నప్పుడు ఆ చక్రం తిరగదు. నేల తాకిన క్షణంలోనే విమానం వేగాన్ని అందుకోవాలి. వెంటనే బ్రేకు. గాలి తక్కువుంటే ఆ కుదుపుకు టైరు రిమ్ము మీద జరిగి వాల్వు తెగుతుంది. అంటే మా ట్రాక్టరు జబ్బే! దానికి వాళ్లు చేసే ఉపాయం ఎంత చవకైనదో చూడండి. టైరు మీదా రిమ్ము మీదా కలిసేటట్టు ఎర్రరంగుతో ఒక గీత గీస్తారు. గీత రెండు ముక్కలుగా పక్కకు జరిగితే టైరు జరిగినట్టే, విప్పి చూడాలి.

వాళ్ల మిగతా జాగ్రత్తలూ ఇలాంటివే. ఎగిరే ముందు గాలి కొలుస్తారు. చక్రం మీద అందమైన తొడుగు ఉంటే, అడ్డమని కొలవడం మానరు, తొడుగుకే చిన్న రంధ్రం పెట్టుకుంటారు. ట్యూబు రాసుకుపోకుండా పౌడరు చల్లుతారు. కొత్త టైరు లోపల అతికించిన కాగితపు చీటీని పీకేస్తారు, ఎందుకంటే ఆ చీటీ అంచే రాపిడికి ట్యూబును కోస్తుంది. రెండు ముక్కల రిమ్ము బోల్టులు విప్పేముందు గాలి పూర్తిగా తీసేస్తారు. లేకపోతే ఆ ముక్కలే మనిషి మీదికి ఎగురుతాయి. దిగేటప్పుడే టైరు పోయిందని తెలిస్తే, వేగం ఉన్నంతసేపు ఆ వైపు బరువు రెక్కల మీదనే మోయించి, విమానం వంకర తిరగకుండా కాచుకుని, ఆగినచోటనే దిగిపోతారు.

ముల్లుకు కూడా దేశాల హద్దు లేదు. మన చేలగట్ల మీది పల్లేరుకాయ అమెరికాలోనూ ఉంది. ఎలా పడ్డా ఒక ముల్లు పైకే చూస్తుంది కదా! అక్కడివాళ్లు దాన్ని 'పంచరు తీగ' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. గడ్డి మైదానాల్లో దిగే చిన్న విమానాలకు అది శత్రువు. దాని పీడ వదిలించుకోవడానికి 1961లో ఇటలీ నుంచి ముక్కుపురుగులను తెప్పించుకుని వదిలారు.

టైరు పగలడం చిన్న విషయమనుకునేవారు 2000 జులై 25ను తలచుకోవాలి. పారిస్‌లో కాంకార్డ్ విమానం పైకి లేవబోతూ రన్‌వే మీద పడి ఉన్న లోహపు బద్ద మీదుగా పోయింది. టైరు పగిలి, దాని ముక్క ఇంధనపు ట్యాంకు ఉన్నచోట రెక్కకు తగిలింది. మంటలు లేచాయి. 113 మంది చనిపోయారు. ఆ బద్ద అంతకు ముందు ఎగిరిన మరో విమానం నుంచి ఊడిపడినది!

ఇక మా ఇంటి సంగతి. నేనొక గాలి మీటరు కొని పట్టుకుపోతే బాపు నవ్వాడు. "గింత దానికి మిషినెందుకురా? కాలుతోని తంతే ఎరుక కాదా?" వెనక టైర్లు రెండూ తన్ని, "రెండూ ఒక్క తీరే ఉన్నయి" అన్నాడు. మీటరు ఒకదానికి 14, రెండోదానికి 9 పౌండ్లు చూపింది. బాపు ఇంకోసారి తన్ని, మీటరును చేతిలోకి తీసుకుని తానే పెట్టి చూశాడు. ఏమీ అనలేదు.

అలాగని బాపు చదువు తక్కువదని నేననను. దారిలో ఎక్కడ ఆగినా ఆయన ట్రాలీ టైర్లను అరచేత్తో తాకుతాడు. "వేడెక్కింది, దీంట్ల గాలి తక్కువున్నది" అంటాడు. అది శుద్ధ భౌతికశాస్త్రం! గాలి తక్కువున్న టైరు పక్కలు తిరిగిన ప్రతిసారీ ఎక్కువ మడతపడతాయి. ఆ మడతల్లో పోయిన శక్తి వేడిగా మారుతుంది. ఆ వేడే చివరికి టైరును చంపుతుంది. మనం చేర్చవలసింది ఒక్కటే: మీటరుతో చూసేది బండి కదలకముందు చూడాలి. ఉదయం 27 డిగ్రీల దగ్గర 30 పౌండ్లున్న టైరు, దారిలో 57 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 34½ చూపుతుంది. గాలి ఒక్క చుక్క కూడా పెరగలేదు. అది చూసి ఎక్కువైందని తీసేస్తే చల్లారాక తక్కువవుతుంది.

2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదుకు వచ్చింది. మా పొరుగున జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం కడతారని కూడా ఏళ్లుగా వింటున్నాం. వస్తే సంతోషమే. కాని ఏ బోర్డూ మన టైరులో గాలి చూడదు.

పల్లెల నుంచి వచ్చిన మిత్రులారా! సంక్రాంతి సెలవులకు ఇండ్లకు పోతాం. పసుపు బండ్లు కదిలేది ఆ తర్వాతనే. పోయేటప్పుడు ఒక గాలి మీటరు, ఒక చిన్న ఎర్రరంగు డబ్బా కొనుక్కుపోండి. పొలం నుంచి రోడ్డెక్కే ముందు కంపెనీ పుస్తకంలో రాసిన లెక్క ప్రకారం గాలి నింపించండి. టైరుకూ రిమ్ముకూ కలిపి గీత గీయండి. ట్రాలీ వెనక మెరిసే ఎర్ర పట్టీలు అతికించండి. ముల్లు గుచ్చుకోవడం మన చేతిలో లేదు. గాలి చూడటం మన చేతిలోనే ఉంది. రాత్రి రెండు గంటలకు రోడ్డు మీద సెల్‌ఫోన్ దీపం ఊపుతూ ఇంకే తమ్ముడూ నిలబడకూడదు.