ఒక తుపాను, నలభై ఏళ్లు

ఉజ్జీవ సభల్లో సాక్ష్యం చెప్పే తీరు తెలుగు క్రైస్తవులకు కంఠతా వచ్చు. తాగేవాడిని, పేకాడేవాడిని, భార్యను కొట్టేవాడిని, ఫలానా రాత్రి ప్రభువు పట్టుకున్నాడు, ఆ రోజు నుంచి సీసా ముట్టలేదు. తేదీ తప్పకుండా ఉంటుంది. ఇందులో వేళాకోళం చేయవలసిందేమీ లేదు. తాగుడు మానిన మనిషి ఇంట్లో పొయ్యి నిజంగానే వెలుగుతుంది. అయితే ఆ కథ సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది. మనిషి మారాక ఏమవుతుంది, మారని భాగం ఎక్కడ దాక్కుంటుంది అన్న ప్రశ్నలకు ప్రపంచ ప్రసిద్ధమైన ఒక సాక్ష్యం ఇచ్చే జవాబు ఇబ్బందికరమైనదే.

ఆ సాక్ష్యం జాన్ న్యూటన్‌ది. ఆపిల్ పండు న్యూటన్ కాదు, 'అమేజింగ్ గ్రేస్' పాట రాసిన మతగురువు. 1725లో లండన్‌లో పుట్టాడు. ఏడేళ్లు నిండకముందే తల్లి పోయింది. తండ్రి ఓడ కెప్టెన్. 1744లో నౌకాదళం బలవంతాన పట్టుకుపోతే, పారిపోబోయి కొరడా దెబ్బలు తిన్నాడు. పశ్చిమాఫ్రికా తీరంలో ఒక బానిసల వ్యాపారి పంచన తిండికి మొహం వాచి బతికాడు. దేవుణ్ణి తిట్టడంలో నావికులే విస్తుపోయేంత నోరు. 1748 మార్చిలో ఇంటిదారి పట్టిన 'గ్రేహౌండ్' ఓడ ఉత్తర అట్లాంటిక్‌లో తుపానులో చిక్కింది. నీళ్లు తోడి తోడి చేతులు పడిపోయాక చుక్కాని పట్టుకున్న ఆ 22 ఏళ్ల కుర్రవాడి నోట, ఎన్నో ఏళ్ల తర్వాత, దేవుడి దయ అన్న మాట వచ్చింది. ఓడ ఎలాగో ఐర్లాండ్ తీరం చేరింది. ఆ తేదీని ఆయన జీవితాంతం ఏటా గుర్తుచేసుకున్నాడు.

సాక్ష్యమైతే ఇక్కడ ముగియాలి. చరిత్ర ముగియనివ్వదు. తిట్లు ఆగాయి, ప్రార్థన మొదలైంది. అదే ఏడాది ఆయన బానిసల ఓడలో మేట్‌గా చేరాడు. 1750-54 మధ్య మూడుసార్లు కెప్టెన్‌గా ఆఫ్రికా వెళ్లి, మనుషుల్ని కొని, గొలుసులు వేసి, సముద్రం దాటించి అమ్మాడు. ఆదివారాలు ఓడ మీద ప్రార్థన జరిపించాడు. భార్య మేరీకి ప్రేమగా ఉత్తరాలు రాశాడు. తిరుగుబాటు చేస్తారన్న అనుమానంతో బానిస కుర్రాళ్ల బొటనవేళ్లను ఇనప మరలో బిగించి నిజం చెప్పించినట్టు ఓడ దినచర్యలో తన చేత్తోనే రాసుకున్నాడు. దైవసాన్నిధ్యం తనకు అంత మధురంగా మరెక్కడా అనిపించలేదని ఆ ప్రయాణాల గురించే తర్వాత రాశాడు కూడా.

వేషధారి అనేస్తే పని సులువవుతుంది. కానీ న్యూటన్ మనస్ఫూర్తిగానే ప్రార్థించాడు. భయం కలిగించేది అదే. దేవుణ్ణి తిట్టడం పాపమని చిన్నప్పుడే తెలుసు. బానిసల వ్యాపారం పాపమని మాత్రం ఆయన చుట్టూ ఉన్న పెద్దమనుషులెవరూ చెప్పలేదు. అది అప్పట్లో పరువైన వృత్తి.

1754లో ఆ పని మానింది పశ్చాత్తాపంతో కాదు, ప్రయాణానికి సిద్ధమవుతూ మూర్ఛవచ్చి పడిపోవడం వల్ల. తర్వాత లివర్‌పూల్‌లో సుంకాల శాఖ ఉద్యోగం, 1764లో ఓల్నీ అనే చిన్న ఊళ్లో మతగురువు పని. ఆ ఏడాదే అచ్చయిన స్వీయకథలో తన పాపాలన్నీ ఏకరువు పెట్టాడు. ఆ వ్యాపారాన్ని మాత్రం పాపాల పద్దులో వేయలేదు. 'అమేజింగ్ గ్రేస్' 1773 కొత్త సంవత్సరం ఆరాధన కోసం రాసింది. బానిసల వ్యాపారం గురించి ఆయన నోరు విప్పడానికి అప్పటికింకా పదిహేనేళ్లుంది. తుపాను, పాట, పశ్చాత్తాపం అన్నీ ఒకే రాత్రిలో కుక్కేసే ప్రసంగీకులు ఈ తేదీలు ఒకసారి చూసుకుంటే మంచిది.

మరి ఆయన్ని మార్చిందేమిటి? పెద్ద మెరుపేమీ కనిపించదు. లేసు అల్లి పొట్టపోసుకునే పేదల ఇళ్లకు పదహారేళ్లు తిరగడం, మానసిక వ్యాధితో నలిగిపోయిన కవి విలియం కౌపర్‌కు తోడుగా నిలవడం వంటి చిన్న పనులే కనిపిస్తాయి. బయట క్వేకర్లు పోరాడుతున్నారు. 1774లో జాన్ వెస్లీ బానిసత్వాన్ని ఖండిస్తూ పుస్తకం అచ్చువేశాడు. 1785 డిసెంబరులో విల్బర్‌ఫోర్స్ అనే యువ ఎంపీ, భక్తి కోసం రాజకీయాలు వదిలేయాలా అని న్యూటన్‌ను చాటుగా సలహా అడిగాడు. వద్దన్నాడాయన. 1788లో న్యూటనే కరపత్రం రాశాడు. తాను పాలుపంచుకున్నందుకు సిగ్గుపడుతున్నానని, ఈ మాట ఎప్పుడో చెప్పాల్సిందని ఒప్పుకుని, ఓడ అడుగున మనుషుల్ని ఎంత ఇరుకుగా పేర్చేవారో వివరించాడు. 1790లో పార్లమెంటు కమిటీ ముందు వాంగ్మూలం ఇచ్చాడు. కళ్లారా చూసినవాడు, స్వయంగా చేసినవాడు చెబుతుంటే కాదనడం కష్టమైంది. 1807 మార్చిలో ఆ వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అదే డిసెంబరులో ఆయన కన్నుమూశాడు.

తుపాను నుంచి కరపత్రానికి నలభై ఏళ్లు. సువార్తలో జక్కయ్య ఒక్క పూటలో లెక్క తేల్చాడు. ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు వెనక్కి. న్యూటన్‌కు అలా జరగలేదు, ఆయన అమ్మిన మనుషులకు తిరిగి ఇచ్చేదీ ఏమీ మిగల్లేదు. అందుకే కాబోలు వేదాంతులు రక్షణను, పరిశుద్ధతను వేరువేరు మాటలుగా ఉంచారు. మొదటిదానికి తేదీ చెప్పవచ్చు. రెండోది బతుకంతా సాగుతుంది, లోకం మెచ్చే పాపాల దగ్గరికి ఆఖరున వస్తుంది.

తెలుగునాట ఈ లెక్క ఎక్కడిదాకా వచ్చింది? 1878 జూలై 3న ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మ నదిలో, బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ నాయకత్వంలో 2,222 మందికి ఒక్కరోజే బాప్తిస్మమిచ్చారు. ఎక్కువమంది మాదిగలు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అన్నవి వారికి పెట్టిన నియమాలు. అవి పాటించినందుకు ఊరి పెత్తందార్ల చేతిలో వారు పడిన బాధలు తక్కువేమీ కాదు. కులం మాత్రం చర్చిలోకి చెప్పులు విడవకుండానే నడిచివచ్చింది. క్రైస్తవ పెళ్లి ప్రకటనల్లో కమ్మ, రెడ్డి, మాల, మాదిగ అన్న ముక్క ఉండనే ఉంటుంది. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయ్యేదాకా ఆ హోదాకు చేరిన దళితుడే లేడు.

ఇక కట్నం. 1961 నుంచి చట్టరీత్యా నేరం. అయినా సాక్ష్యాల్లో సారా గురించి వినపడినంతగా కట్నం గురించి వినపడదు. తీసుకున్న కట్నాన్ని జక్కయ్యలా తిరిగి ఇచ్చేశానని చెప్పే సాక్ష్యం మరీ అరుదు. చాలా చర్చిల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని అడుగుతారు. ఇంతకుముందే పెళ్లయిందా, వరసలు కుదురుతాయా అన్నవి అభ్యంతరాలుగా చెల్లుతాయి. మాట్లాడుకున్న కట్నం ఎంతో వెనక బెంచీల వారికీ తెలిసే ఉంటుంది. పాస్టరు ఒక నిమిషం ఆగి, తర్వాతి కీర్తన నంబరు చదువుతారు.