మ్యూజియమునకు పోవు వేళ

బడి సెలవులు వచ్చుటతోడనే పట్నము చూపుమని పిల్లలు పట్టుపట్టని యిల్లు మనలో అరుదు. హైదరాబాదునకు పోయినవారు చార్మినారు చూచిన పిదప తప్పక చూడగోరునది సాలార్‌జంగు మ్యూజియము. బడిపంతులుగారి కుటుంబమునకు సెలవులలో తప్ప తీరిక లేదు. ఆ సెలవులే లోకమున కెల్ల సెలవులు. కావున జనము మిక్కుటముగా నుండు రోజులలోనే మేమును పోవలసినవారము. అట్టి రోజులలో సైతము గంటల తరబడి నిలువక, చూడవలసినదానిని తనివితీర చూచి వచ్చుట యెట్లో, మూడు పర్యాయములు పోయివచ్చిన యనుభవముతో నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

“బారులో నిలుచుట యేమంత కష్టము? అందఱును నిలుచుటలేదా?” యని కొందఱందురు. కాని నిలుచుట యందఱికిని ఒక్కటి కాదు. పడుచువారికి అరగంట యనగా అరగంటయే. మోకాళ్ల నొప్పులు గల పెద్దమ్మకును, చంకను పసిబిడ్డ నెత్తుకొన్న తల్లికిని ఆ అరగంటతో ఆనాటికి గల ఓపిక యంతయు తీరిపోవును. టిక్కెట్టుల కడ నొక బారు. సంచులు భద్రపఱచు చోట నొక బారు. లోపలికి పోయిన పిమ్మట పేరుపడిన ప్రతి వస్తువు ముందును గుంపు. ఇవన్నియు దాటుసరికి వారు గోడ ప్రక్క బల్లపై కూలబడి, “మీరు చూచి రండి, నే నిక్కడ కూర్చుండెద” నందురు. ఈ మాట మన యిండ్లలో ఎన్నిమార్లు వినియుండలేదు? తీర్థములలో విన్నాము, తిరునాళ్లలో విన్నాము, పెండ్లివారి యిండ్లలో విన్నాము. చెప్పువారు నవ్వుచునే చెప్పుదురు గాన, వినువారు దానిని ఔదార్యమని తలతురు. లోపల నున్నది అలసట. బారు పొడవైనకొలది అందులోనుండి ముందుగా తొలగిపోవువారు వృద్ధులును, తల్లులును. కావున దానిని తప్పించు మార్గము తెలిసికొనుట, పంక్తిలో నందఱికిని అందునట్లు వడ్డించుటవంటి గృహకృత్యమని మా అభిప్రాయము.

మొదట ఆ మ్యూజియము ఎంత పెద్దదో తెలిసియుండవలెను. నిజాము ప్రభుత్వమున దివానులుగా నుండిన సాలార్‌జంగు వంశీయులు మూడు తరములుగా కూర్చిన వస్తువులవి. వానిలో అధికభాగమును సేకరించినవారు మూడవ సాలార్‌జంగు నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్. వారు 1889లో జన్మించి, 1949లో దివంగతులైరి. వివాహమే చేసికొనక, ధనమును కాలమును ఈ సేకరణకే వినియోగించిరి. వారి నివాసమైన దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూగారు మ్యూజియమును ప్రారంభించిరి. 1961లో పార్లమెంటు చట్టముచేత అది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ అయినది. మూసీనది దక్షిణపు టొడ్డున నున్న ఇప్పటి భవనమునకు 1968లో మారినది. నలుబదికి దగ్గఱగా నున్న ఆ శాలలన్నింటిని ఒక్క పూటలో చూడబూనుట, పదునెనిమిది పర్వముల భారతమును ఒక్క పగటిలో పారాయణము చేయబూనుటయే. అట్లు పరుగెత్తువారు బారునుండి బారునకు పోవుదురే కాని, యే వస్తువును చూడరు. నాలుగైదు మాత్రము ఎన్నుకొని బయలుదేరుట మొదటి యుపాయము.

రెండవది దినము. శుక్రవారము మ్యూజియమునకు సెలవు. ఈ సంగతి యెఱుగక వచ్చి, మూసిన తలుపులు చూచి మఱలిపోవువారు నేటికిని గలరు. శని, ఆది వారములలో నగరవాసులును, పొరుగూళ్లవారును ఒక్కమాఱుగా వత్తురు. కావున సెలవులలోనైనను మంగళ, బుధవారముల వంటి నడిమి దినములు మేలు. పండుగ దినములలో వేళలు మారవచ్చును గాన, బయలుదేరుటకు ముందు మ్యూజియమువారి ప్రకటన చూచి వేళలను, టిక్కెట్టు కొను విధమును తెలిసికొనవలెను. ఇప్పుడు ప్రతి యింటను ఫోను ఉన్నది. పిల్లల నడిగినను క్షణములో చూచి చెప్పుదురు.

మూడవది వేళ. తలుపులు తెఱచునది ఉదయము పది గంటలకు. పదికొండు దాటిన పిదప పాఠశాలల బస్సులును, యాత్రికుల బస్సులును వచ్చి చేరును. తొమ్మిదిన్నరకే అక్కడ నుండగలిగినచో మన ముందు పట్టుమని పదిమంది యుండరు. “తొమ్మిదిన్నరకా! వంట యెట్లు?” అని మీరడుగుదురు. ఆ యొక్క పూటకు వంటనుండి ఇల్లాలికి సెలవు దొరకవలెను. ముందునాటి రాత్రియే పులిహోర కలిపి యుంచినచో తెల్లవాఱి అందఱును తిని బయలుదేరవచ్చును. వంట ముగించుకొని పదునొకండు గంటలకు కదలిన యిల్లాలు, బారు చివఱ నిలుచుటకే కదలినట్లు. మహాత్మాగాంధీ బస్సుస్టేషను మ్యూజియమునకు అట్టే దూరము లేదు. 2018 సెప్టెంబరునుండి మెట్రోరైలు సయితము అంతవఱకు నడచుచున్నది. అక్కడనుండి ఆటోలో పోయినచో పెద్దవారి కాళ్లకు శ్రమ తగ్గును.

నాలుగవది సంచులు. మనము ఇల్లు కదలినపుడు నీళ్లసీసాలు, తుండుగుడ్డలు, పిల్లల చిరుతిండ్లు, తిరుగుదారిలో కొనదలచిన వస్తువులకై ఖాళీ సంచులు—ఇవన్నియు కదలును. వానిని అప్పగించుట కొక బారు, తీసికొనుట కొక బారు. చేతిలో పట్టునంత చిన్న సంచి యొకటి తప్ప మిగిలినవి బసలోనే విడిచిపోయినచో ఆ రెండును తప్పును. టిక్కెట్టుల కడ ఇంటిల్లిపాదియు నిలువనక్కఱలేదు. ఒకరు నిలిచి తక్కినవారు నీడలో కూర్చుండవలెను. నడువలేనివారికి చక్రముల కుర్చీ దొరకునేమో ద్వారముకడనే అడుగుట మఱవరాదు. అడుగుటకు మన స్త్రీలు మొగమాటపడుదురు. పెద్దల కాళ్లకంటె మన మొగమాటము గొప్పదా?

ఐదవ యుపాయము లోపల అడుగుపెట్టిన పిదప పనికివచ్చునది. నడిమి భవనములో ప్రసిద్ధమైన గడియారమొకటి కలదు. కుక్ అండ్ కెల్వీ కంపెనీవారి పేరు గలది. గంట కావచ్చినపుడు అందులోనుండి గడ్డపు బొమ్మమనుష్యుడొకడు వెలుపలికి వచ్చి, ఎన్ని గంటలైన అన్నిమాఱులు గంటకొట్టి లోపలికి పోవును. సుత్తి పట్టిన మఱియొక బొమ్మ సెకనులు కొట్టుచునే యుండును. ఈ వేడుక చూచుటకు జనము గంటగంటకును శాలలు విడిచి అక్కడికి వచ్చును. పండ్రెండు దెబ్బలు కొట్టు మధ్యాహ్నవేళ మఱింతగా వచ్చును. సముద్రపు పోటువలె జనము ఒకవైపునకు పోవునపుడు రెండవవైపున శాలలు ఆటుపోయిన తీరమువలె ఖాళీగా నుండును. ఆ పావుగంటయే మనది.

మేము మా అత్తగారిని తీసికొనిపోయినపుడు ఇదే చేసితిమి. ఆమెకు డెబ్బది దాటినవి. పది నిమిషములకంటె ఎక్కువ నిలువలేరు. పండ్రెండుకు పావుగంట తక్కువ యుండగా, లోకమంతయు గడియారమువైపు పోవుచుండ, మేము మేలిముసుగు రెబెక్కా యను పాలరాతి బొమ్మకడకు పోయితిమి. ఇటలీ దేశపు శిల్పి బెంజోనీ చెక్కిన బొమ్మ యది. మొదటి సాలార్‌జంగువారు 1876లో ఐరోపా పర్యటనమునకు పోయినపుడు కొని తెచ్చిరి. రెబెక్కా బైబిలు కథలోని వధువు. తెలుగు బైబిలులో ఆమె పేరు రిబ్కా. వరుడైన ఇస్సాకును దూరమునుండి చూచి ముసుగు వేసికొన్నదట. ముసుగును రాయియే, మొగమును రాయియే. అయినను ముసుగులోనుండి మొగము కనబడును.

మా అత్తగారు కన్నులద్దములు సవరించుకొని చాలసేపు చూచి, “ఏమే అమ్మాయీ, ఈ పిల్ల ఇప్పుడే తడిబట్ట పిండి కప్పుకొన్నట్టుందే! రాయికి తడి ఎలా వచ్చిందే?” అనిరి. అరువదియేండ్లు తెల్లవాఱుజామున తడిబట్టతో మడి కట్టుకొన్నవారు గావున ఆమె కన్ను మొదట పట్టినది ఆ తడినే. కళను గుఱించిన గ్రంథములు చదివిన మాకు తోచని మాట యది. గుంపులో వెనుక నిలిచియుండినచో ఆమె యీ మాట అనగలిగెడివారా? బల్లపై కూర్చుండి సంచులు కనిపెట్టుకొని యుండెడివారు. ఆమె చూడలేదన్న కొఱత ఆమెకు మాత్రమే మిగులునది కాదు. ఆమె కన్నులతో మేము చూడగలిగినదియు పోయెడిది.

పిల్లలకు మాత్రము ఒంటిగంటకు గడియారము చూపితిమి. అప్పటికి గుంపు పలుచబడినది. మా చిన్నవాడు, “ఒక్క దెబ్బయే కొట్టినాడేమమ్మా?” అని చిన్నబోయెను. మా అత్తగారు, “వాడికీ భోజనవేళ కదురా, తొందరగా వెళ్లిపోయాడు” అనిరి. వాడు నవ్వి యూరకుండెను. బొమ్మ వచ్చుట, కొట్టుట, పోవుట అన్నియు చూచినాడు. తగ్గినది లెక్క యొక్కటే.

పేరుపడిన మూడవ వస్తువు కొయ్యబొమ్మ. ఒకే మ్రానులో ముందువైపు మెఫిస్టాఫిలిస్ అను దయ్యము, వెనుకవైపు తలవంచుకొన్న మార్గరెట్టా యను కన్య. జర్మను కవి గెటే రచించిన ఫౌస్టు నాటకములోని పాత్రలు. వెనుక నున్న అద్దములో కన్య కనబడును. దీనిని మ్యూజియము తెఱచినవెంటనే చూచుట మంచిది. గుంపు గుమిగూడు వేళలలో బిద్రీ సామానుల శాల వంటి చోట్లకు పోవచ్చును. నల్లని లోహమున వెండితీగెలు పొదిగిన పాన్‌దానులు, గిన్నెలు అందున్నవి. గృహిణికి పరిచయమైన వస్తువులు గాన అవి మనతో మాటలాడును. రవివర్మగారి చిత్రములును ఈ మ్యూజియమున గలవు. చీరకుచ్చెళ్ల మడతలను ఆ చిత్రకారుడు ఎంత శ్రద్ధగా చూచినాడో మనకు చెప్పవలసిన పనిలేదు.

ఒకే వస్తువు చుట్టును జనము మూగుట మనదేశపు గుణమని నిందింపనక్కఱలేదు. పారిసు నగరములోని లూవ్రు మ్యూజియమునకు 2024లో 87 లక్షల మంది వచ్చిరి. అందులో పెక్కుమంది మోనాలిసా యను ఒక్క చిత్రమునకై పోవువారే. ఆ యొత్తిడికి తాళలేక, మోనాలిసాకు వేఱుగా నొక గది నిర్మింతుమని 2025 జనవరిలో ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ ప్రకటించెను. అక్కడను ప్రక్కగదులలో గొప్ప చిత్రములు తమ్ము చూచువారికొఱకు ఎదురుచూచుచునే యున్నవి.

కావున సోదరీమణులారా, ఈ సెలవులలో ఏ చిత్రశాలకో బయలుదేరునపుడు ముందునాటి రాత్రి ఒక కాగితముపై నాలుగు వస్తువుల పేళ్లు వ్రాసికొనుడు. మొదటి పేరు మాత్రము మీరు వ్రాయకుడు. మీ యింటిలో “మీరు చూచి రండి” అను అలవాటు గలవారెవరో వారినడిగి వ్రాయుడు. అది మీరే యైనచో, మొగమాటపడక మీ కోరికనే మొదట వ్రాయుడు.