అద్దాన్ని నిలబెట్టాలి

పాత ఇల్లు కూల్చినప్పుడు దక్కిన పెద్ద రంగుటద్దాన్ని బల్ల మీద పరిచేయడం చాలామందికి తోచే మొదటి ఆలోచన. పొదుపే గాని, అద్దానికి న్యాయం కాదు. దాని అందమంతా వెనకనుంచి వచ్చే వెలుతురులో ఉంది. పడుకోబెడితే కింద చీకటి, పైన గీతలు. అందుకే హాలుకీ వంటగదికీ మధ్య పార్టిషన్‌గానో, తలుపు పైభాగంలోనో టేకు చట్రం కట్టి నిలబెట్టాలి.

బరువు ఎక్కువ కదా అనవచ్చు. 5 మిల్లీమీటర్ల మందం అద్దం చదరపు మీటరుకు 12.5 కిలోలు తూగుతుంది; మంచి చట్రానికి అదో లెక్క కాదు. అసలు చిక్కు కర్రతోనే. వానాకాలంలో అది ఉబ్బుతుంది, అద్దం ఉబ్బదు. గాడిలో చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలి, రబ్బరు పట్టీ వేసి, జిగురు లేకుండా బీడింగుతో బిగిస్తే రెండూ క్షేమం. పిల్లలున్న ఇంట్లో ప్రమాదమన్న అభ్యంతరం మాత్రం సరైనదే. మామూలు అద్దం వాడి పెంకులుగా పగులుతుంది. సేఫ్టీ ఫిల్మ్ అంటిస్తే పెంకులు చెదరవు; నడుము ఎత్తు దాకా చెక్క పలక పెడితే దెబ్బే తగలదు. కొలత కుదరలేదని అద్దాన్ని కోయించకండి, చట్రాన్నే దానికి తగ్గట్టు చేయించండి.