మా పెరటి డేగ

తైపింగ్ పేరు చెప్పగానే మలేషియాలో ఎవరైనా ముందు వాన సంగతి ఎత్తుతారు. ఊరిని ఆనుకుని బుకిట్ లారుత్ కొండ ఉంది. దానికి తగిలిన మబ్బు ఊరి మీదే కురుస్తుంది. ఆ తర్వాత చెరువుల తోట సంగతి చెబుతారు. తగరం తవ్వి వదిలేసిన గుంటలను 1880లో ఉద్యానవనంగా మలిచారు. ఒడ్డున ఉన్న నిద్రగన్నేరు చెట్లు రోడ్డు మీదుగా కొమ్మలు చాచి నీళ్ళను అందుకోబోతున్నట్లుంటాయి. సాయంత్రానికి ఆకులు ముడుచుకుంటాయి కనుక ఇక్కడివాళ్ళు వాటిని ‘పుకుల్ లిమా’, అంటే ‘అయిదు గంటలు’ అని పిలుస్తారు. వచ్చిన చుట్టాలందరికీ మేము చూపించేది ఆ చెరువునే. కాని ఈసారి పాఠకులను మా పెరట్లోకి తీసుకుపోతాము.

పెరడంటే పెద్దదేమీ కాదు. రెండు అరటిచెట్లు, ఒక రంబుటాన్ చెట్టు, మా ఆవిడ ప్రాణప్రదంగా పెంచుకుంటున్న కరివేపాకు, బట్టలారేసే తీగ, అంతే. మా అమ్మాయి రోజూ బడికి పోయేముందు కరివేపాకు మొదట్లో ఒక చిప్పలో గుప్పెడు నూకలు పోసేది. మెడ మీద ముత్యాలు చల్లినట్లుండే గువ్వలు, గోరింకలు, పిచ్చుకలు వచ్చి తినిపోయేవి. వాటి వెనకాలే ఒకనాడు డేగ వచ్చింది.

ఇంగ్లీషులో దీన్ని క్రెస్టెడ్ గాస్‌హాక్ అంటారు. జుట్టు డేగ అనుకుందాం. సుమారు కాకంత ఉంటుంది. తల వెనక పొట్టి జుట్టు, గొంతు నడుమ నల్లటి గీత, పొట్ట మీద అడ్డపట్టీలు. మన పడమటి కనుమల్లోనూ ఉంది. అసలు అడవి పక్షే అయినా ఇప్పుడు సింగపూరు, తైపే వంటి మహానగరాల్లో కూడా కాపురం పెట్టింది. గద్దలాగా ఆకాశంలో తిరుగుతూ వెతకదు. ఆకుల చాటున కదలకుండా కూర్చుని ఒక్కసారిగా దూకుతుంది. పొట్టి రెక్కలు, పొడుగాటి తోక ఉండటంవల్ల కొమ్మల మధ్య ఇట్టే మలుపు తిరగగలదు.

దాన్ని ఫోటో తీయాలని మాకు పిచ్చి పట్టింది. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తేగానే అద్దమంతా చెమ్మ పట్టేది. అందుకని రాత్రే దాన్ని వరండాలో పెట్టడం నేర్చుకున్నాము. ఇక్కడ తెల్లవారేదే ఏడు దాటాక. తొమ్మిదిన్నరకల్లా ఎండ తెల్లబారిపోతుంది. ఆ మధ్య కాలంలోనే, సెకనులో 2,000వ వంతు వేగంతో మీట నొక్కాలి. మొదటి నెలంతా మాకు దక్కినవి ఖాళీ కొమ్మలు, ఒక తోక చివర.

పక్కింటి పాక్‌చిక్ మా అవస్థ చూసి నవ్వారు. మలాయ్‌లో పెద్దవారిని అలా పిలుస్తారు, మన బాబాయిగారిలాగా. ఆయన కూత కోసం మెర్బోక్ గువ్వను పంజరంలో పెట్టి గడకు ఎత్తుతారు. “డేగ కోసం చూడకండి డాక్టర్, గోరింకల మాట వినండి” అన్నారు. నిజమే. గోరింకలు గొంతు చించుకుని అరిచి, ఆపైన పెరడంతా నిశ్శబ్దమైపోతే డేగ వచ్చినట్లే. ఆయన వెంటనే పంజరం దించేస్తారు.

జనవరిలో ఒక ఆదివారం ఆ అరుపు విన్నాము. గువ్వలు లేచాయి. గోధుమరంగు చార ఒకటి మెరిసింది. మీట నొక్కుతూనే ఉన్నాము. “నాన్నా, తోలెయ్యి! తోలెయ్యి నాన్నా!” అని అమ్మాయి అరుస్తోంది. గువ్వ వెంటనే చావలేదు. డేగ దాన్ని కాళ్ళకింద అదిమి ఈకలు పీకుతోంది. ఆసుపత్రిలో ఒక్క శ్వాస నిలబెట్టడానికి పరుగులెత్తే మేము, ఆ ఉదయం ఫోకస్ సరిచూసుకుంటున్నాము.

అమ్మాయి సాయంత్రం దాకా మాట్లాడలేదు. రాత్రి శిబి చక్రవర్తి కథ చెప్పాము. పావురాన్ని కాపాడితే నా ఆకలి మాటేమిటని డేగ అడిగిందనీ, అదీ న్యాయమేననీ, అందుకే రాజు తన తొడ మాంసం కోసి తూచాడనీ చెప్పాము. అంతా విని, “మరి నువ్వేమిచ్చావు నాన్నా?” అంది.

జవాబు దొరకలేదు. డేగ తప్పేమీ లేదు. అది దూకిన వాటిలో ఎక్కువ తప్పిపోయేవే. దొరికిన నాడే దానికి భోజనం. కాని అమ్మాయికి తెలియనిది ఒకటుంది. కరివేపాకు నీడలో ఉండే నూకల చిప్పను వెలుతురు బాగుంటుందని గోడ మీదికి మార్చింది మేమే. అక్కడ గువ్వకు దాక్కోవడానికి ఒక్క ఆకు కూడా లేదు. వేట డేగదే, ఎర మాత్రం మేము పెట్టినది.

మర్నాడు ఆ మాట అమ్మాయితో ఒప్పుకుని, చిప్పను మళ్ళీ కరివేపాకు మొదట్లో పెట్టాము. డేగ ఇప్పటికీ వస్తుంది. మా కళ్ళముందే మూడుసార్లు గురి తప్పింది, ఒకసారి గోరింకను పట్టుకుపోయింది. ఫోటోలు మాత్రం అంత బాగా రావడంలేదు, ఆకులు అడ్డం. హాల్లో మేము కట్టించిన పటంలో పైన డేగ, కరివేపాకులోకి దూరుతున్న గువ్వ తోక కనిపిస్తాయి. దాన్ని అమ్మాయే ఎంచింది.

ఇటువైపు వచ్చే మిత్రులు మా ఇంట కాఫీ తాగి వెళ్ళవలసిందిగా కోరుతున్నాము. కెమెరా మరిచినా ఫరవాలేదు, గొడుగు మాత్రం మరవకండి.