అత్త సొమ్ము అల్లుడి దానం

2013 అక్టోబరు నెలాఖరులో డల్లాస్‌లో మా అక్కయ్య ఇంట్లో ఉన్నాను. ఓ పక్క గ్రైండర్లో దోసెల పిండి తిరుగుతోంది. అక్కయ్య ఏవో కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

"ఏమిటక్కయ్యా, పరీక్షకి చదువుతున్నట్టు?"

"నవంబరు 5న ఓటు వెయ్యాలి. హిడాల్గో కౌంటీలో ఆస్పత్రి పన్నుకున్న పరిమితి తీసెయ్యాలా, వద్దా అని అడుగుతున్నారు."

"అదెక్కడ?"

"మెక్సికో సరిహద్దులో. ఇక్కడికి సుమారు ఐదు వందల మైళ్ళు. నేనూ చూళ్ళేదు."

చూడని ఊరి పన్నుకి ఈవిడ ఓటేమిటి? విషయం ఏమిటంటే, టెక్సస్ కౌంటీల్లో బీదవాళ్ళ వైద్యం కోసం ఆస్పత్రి మండలి పెట్టుకుని ఆస్తిపన్ను వెయ్యొచ్చు. వంద డాలర్ల విలువకి 75 సెంట్ల దాకా వేసుకోవచ్చు. హిడాల్గోకి మాత్రం 1960 నుంచీ 10 సెంట్లే. అంటే లక్ష డాలర్ల ఇంటికి ఏడాదికి వంద డాలర్లు దాటకూడదు. ఆ మాట రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది కనక, కొట్టెయ్యాలంటే రాష్ట్రమంతా ఓటెయ్యాలి.

"పాపం, జబ్బు మనుషులు! అవుననే వేస్తాను" అంది అక్కయ్య.

"అదే నీ ఇంటి మీద పన్నయితే?"

అక్కయ్య పిండి చూడ్డానికి లేచి వెళ్ళింది.

రాష్ట్రం అవునంది. పరిమితి పోయింది. తీరా 2014లో ఆస్పత్రి మండలి పెట్టుకుంటారా అని హిడాల్గో వాళ్ళనే అడిగితే, వద్దన్నారు. 2016లో మళ్ళీ అడిగారు. మళ్ళీ వద్దన్నారు.

"చూశావా, ఎంత రాతిగుండెలో!" అని ఫోన్లో అక్కయ్య నొచ్చుకుంది. నేనూ "అవునవును" అన్నాను. ఇల్లున్న ప్రతివాడూ ధనవంతుడు కాడనీ, కట్టేవాడి బాధ కట్టేవాడిదనీ మా ఇద్దరికీ తోచలేదు.

ఫోన్ పెట్టేసరికి పెరటి గుమ్మంలో మా పనిమనిషి నిలబడి ఉంది. "పిల్లాడికి జొరం తగ్గలేదమ్మగారూ, రక్తపరీక్షలంట" అంది. వెయ్యి రూపాయలిచ్చాను. ఇస్తూనే, "జీతంలో పట్టుకుంటాలే" అన్నాను.

ఒకటో తారీఖున జీతం లెక్కపెడుతుంటే హిడాల్గో గుర్తొచ్చింది. ఆ రోజు అక్కయ్యని అడిగిన ప్రశ్న ఇప్పుడు నాకే ఎదురొచ్చింది. అత్త సొమ్మయితే అల్లుడు ఎంతైనా దానం చేస్తాడు. సొంత సొమ్ము దగ్గరే చెయ్యి వెనక్కి లాగుతుంది.

వెయ్యీ వదిలేద్దామనుకున్నాను. మనసొప్పలేదు. ఐదు వందలు పట్టుకుని, మిగిలింది ఆమె చేతిలో పెట్టాను.

నా పరిమితి అంత!